గడ్డి మేసిన రాజు: ఒక సైకియాట్రిస్టు రాసుకున్న కేస్ షీట్

చాలాకాలం ఇల్లూవాకిలీ వదిలి తిరిగిన పేషెంటు ఎవరైనా మా వార్డుకు వస్తే, మందు కన్నా ముందు గోళ్లు తీస్తాం. చేతులు పావుగంట గోరువెచ్చని నీళ్లలో నాననివ్వాలి. లేకపోతే కత్తెర దిగదు. గోరు పెళుసుగా విరిగి వేలు చీరుకుంటుంది. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏడాది పట్టించుకోకపోతే మందంగా, పచ్చగా మారి, కొస లోపలికి వంగి గద్ద గోరులా తయారవుతుంది.

కొన్నేళ్ల కిందట ఒకాయన చేతులు అలా నీళ్లలో నానుతుంటే, పక్కన నిలబడ్డ ఆయన అక్క అంది: "వీడికి చిన్నప్పటినుంచీ పొగరెక్కువండి డాక్టరు గారూ. దేవుడే అణిచాడు. నెబుకద్నెజరుకు చేసినట్టు." తమ్ముడు వింటూనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఆ రాత్రి ఇంటికెళ్లి బైబిల్లో దానియేలు గ్రంథం నాలుగో అధ్యాయం, అంటే బబులోను రాజు నెబుకద్నెజరు మతి తప్పి గడ్డి మేసిన కథ, మళ్లీ చదివాను, ఈసారి కేస్ హిస్టరీ చదివినట్టు. తర్వాత మా జూనియర్లకు కేస్ ప్రెజెంటేషన్‌గా చెప్పాను. అదే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను. చనిపోయి రెండున్నర వేల ఏళ్లయిన మనిషికి డయాగ్నసిస్ రాయడం అంత మర్యాదైన పని కాదని తెలుసు. మనిషిని చూడకుండా రాసేది ఏదైనా పెన్సిల్‌తో రాసుకోవలసిందే.

పేషెంటు

నెబుకద్నెజరు, ఆ పేరుతో రెండోవాడు. సొంత భాషలో నబూ-కుదుర్రి-ఉసుర్, అంటే "నబూ దేవుడా, నా వారసుణ్ని కాపాడు" అని. తండ్రి నబోపొలస్సరు. క్రీ.పూ. 605లో యువరాజుగా కర్కెమీషు దగ్గర ఐగుప్తు (ఈజిప్టు) సైన్యాన్ని చిత్తు చేశాడు. అదే ఏడు తండ్రి పోవడంతో పరుగున వచ్చి గద్దెనెక్కాడు. క్రీ.పూ. 562 దాకా, 43 ఏళ్లు బబులోనును (బాబిలోన్) ఏలాడు. 597లో యెరూషలేమును లొంగదీసుకున్నాడు, మరో పదేళ్లకు దాన్ని నేలమట్టం చేసి దేవాలయం తగలబెట్టించాడు.

పాత హిస్టరీలో రాసుకోవలసినవి: రెండో అధ్యాయంలో కల వచ్చి నిద్ర పట్టకపోవడం, ఆ కల ఏమిటో తాను చెప్పకుండానే జ్ఞానులు చెప్పాలని పట్టుబట్టి, చెప్పకపోతే ముక్కలు చేయిస్తానని బెదిరించడం. మూడో అధ్యాయంలో అరవై మూరల బంగారు ప్రతిమ, దానికి మొక్కనివాళ్ల కోసం ఏడంతలు రాజేయించిన కొలిమి. నిద్రలేమి, ముక్కుమీద కోపం, భారీ పథకాలు. ఈ మూడూ వినగానే మా జూనియర్ ఒకమ్మాయి "మేనియా సార్" అనేసింది, అంటే మనిషి పట్టలేని హుషారులో తేలే జబ్బు. కొంచెం ఆగమన్నాను.

హిస్టరీ చెప్పినవాళ్లు

ఏ కేసులోనైనా నేను ముందు రాసుకునేది చెప్తున్నది ఎవరన్నది. భార్య చెప్పే కథ వేరు, పొలం తగాదా ఉన్న చిన్నాన్న చెప్పే కథ వేరు. ఇక్కడ చెప్తున్నది ఈ రాజు చేతిలో గుడి కాలినవాళ్లు, చెరలోకి వెళ్లినవాళ్లు, అంటే యూదులు. పైగా దానియేలు గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.పూ. 165 ప్రాంతంలోనని ఎక్కువమంది పండితుల లెక్క. లోపలి కథలు కొన్ని అంతకంటే పాతవే కావచ్చు గానీ, మన చేతికి అందింది రాజు పోయిన నాలుగు వందల ఏళ్లకు. అప్పుడు యూదుల నెత్తిన కూర్చున్నది మరో రాజు, నాలుగో అంతియొకసు. విర్రవీగిన రాజు గడ్డి మేశాడన్న కథ ఆ రోజుల్లో వినేవాళ్లకు ఎంత ఊరటగా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అయినా చదువుతుంటే ఒకటి ఆశ్చర్యం. ఇన్ని పగలున్నా ఈ కథకుడికి పేషెంటు మీద కసి లేదు. రాజు తన కలకు అర్థం చెప్పమని పిలిచిన యూదు జ్ఞాని దానియేలుకు, ఆ కల విన్నాక కాసేపు నోట మాట రాలేదు. "కంగారు పడకు, చెప్పు" అని రాజే అనవలసి వచ్చింది. అప్పుడైనా, ఈ కల మీ శత్రువులకు పట్టాలి ప్రభూ అంటూ మొదలుపెట్టాడు. చెడ్డ వార్త ఎలా చెప్పాలో మాకు క్లాసులు పెట్టి మరీ నేర్పుతారు. ఆ ఒక్క వచనం చదివించినా సరిపోతుందని నాకనిపిస్తుంది.

రెండో సాక్షి పేషెంటే. ఆ అధ్యాయం రాజు సకల జనులకు రాసిన ఉత్తరంలా మొదలవుతుంది. పద్దెనిమిదో వచనం దాకా "నేను" అంటూ సాగుతుంది. పందొమ్మిది నుంచి "రాజు", "అతడు" అయిపోతాడు. గడ్డి, మంచు, గోళ్లు అన్నీ ఈ భాగంలోనే. ముప్ఫై నాలుగో వచనంలో, ఆకాశం వైపు కళ్లెత్తిన క్షణంలో, మళ్లీ "నెబుకద్నెజరు అనే నేను" వస్తుంది. ఇది వేర్వేరు కథనాలు కలిపి కుట్టిన అతుకు అని పండితులు అనొచ్చు, కాదనను. కానీ కోలుకున్న పేషెంటును ఆ రోజుల సంగతి అడిగి చూడండి. "నిద్ర పట్టేది కాదండి, పిచ్చి పిచ్చి కలలు. తర్వాత ఏం చేశానో మా అమ్మనడగండి. తెలివొచ్చేసరికి ఇక్కడున్నా." మధ్యలో జరిగిందంతా వాళ్లకు ఎవరో చెప్పగా తెలిసిందే.

మూడో రికార్డు బబులోనువాళ్లది. అది సరిగ్గా మనకు కావలసిన చోటే లేదు. ఏ ఏడు ఏ యుద్ధం, ఏ ఊరు పట్టుబడింది అని రాసిన మట్టిపలకల వృత్తాంతం ఈ రాజు పదకొండో ఏడు దాకా వచ్చి ఆగిపోతుంది. మళ్లీ దొరికేది క్రీ.పూ. 557 నాటి సంగతి. అంటే పాలనలో ముప్ఫై ఏళ్లకు పైగా చీకటే. అప్పు పత్రాలు, బార్లీ, ఖర్జూరం లెక్కలు మాత్రం 43వ ఏడు దాకా ఆయన పేరు మీదే తేదీలు వేసుకుంటూ పోయాయి. వాటిని బట్టి జబ్బు రాలేదని తేల్చలేం. రాజు సింహాసనం మీదున్నా పచ్చికలో ఉన్నా గుమాస్తా తేదీ వేయడం మానడు.

జబ్బు కథ

కల: భూమి నడుమ ఆకాశాన్నంటే చెట్టు, దాని నీడన జంతువులు, కొమ్మల్లో పిట్టలు. ఆకాశం నుంచి దిగిన జాగరూకుడు అనే దూత దాన్ని నరికేయమంటాడు. మొద్దును మాత్రం ఉంచి, ఇనుము, ఇత్తడితో కట్టు కట్టమంటాడు. చెట్టు నువ్వే అని దానియేలు చెప్పాడు. పాపాలు మాని నీతిగా ఉండు, బీదవాళ్ల మీద దయ చూపించు, నీ క్షేమం కొనసాగవచ్చు అన్నాడు. అణకువగా ఉండమని అనలేదు. చేయవలసిన పని చెప్పాడు. ఇది చాలామంది ప్రసంగాల్లో జారిపోయే సంగతి.

పన్నెండు నెలలు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒక రోజు రాజనగరు మేడ మీద నడుస్తూ, ఈ మహా బబులోను నా బలంతో, నా ఘనత కోసం నేను కట్టించిందే కదా అనుకున్నాడు. మాట నోట్లో ఉండగానే ఆకాశం నుంచి శబ్దం వినబడింది. ఆ గడియలోనే మనుషుల్లోంచి తరిమేయబడ్డాడు. ఎద్దుల్లా గడ్డి తిన్నాడు, ఒళ్లు మంచుకు తడిసింది, వెంట్రుకలు గద్ద ఈకల్లా, గోళ్లు పిట్ట గోళ్లలా పెరిగాయి. "ఏడు కాలాలు" గడిచాక చూపు పైకెత్తాడు, బుద్ధి తిరిగొచ్చింది.

ఆ "కాలాలు" ఏడేళ్లేనా అంటే, మూలంలో ఉన్న అరమాయికు భాష మాటలో అంత ఖచ్చితం లేదు. ఏళ్లూ కావచ్చు, రుతువులూ కావచ్చు. ఏడేళ్లే అనుకుంటే, నెలకు సెంటీమీటరు చొప్పున జుట్టు ఎనభై సెంటీమీటర్లు దాటుతుంది. గోళ్లు విరగకుండా ఉంటే పాతిక సెంటీమీటర్లు, అంతదాకా విరగకుండా ఉండవు. ఇక గడ్డి సంగతి. ఎద్దుకు నాలుగు అరల పొట్ట ఉంది, గడ్డిని పులియబెట్టే క్రిములున్నాయి. మనకు లేవు. ఒక్క గడ్డి మీద మనిషి ఏడేళ్లు కాదు, ఏడు నెలలు బతకడం కూడా కష్టం. కాబట్టి ఆయనకు ఎవరో అన్నం పెట్టారు. గ్రంథం ఆ పేరు చెప్పదు.

పొగరు కారణమా, లక్షణమా?

అక్కగారి మాటకు నేను వెంటనే ఇవ్వబోయిన జవాబు మా వృత్తిలో అందరికీ వచ్చే జవాబే: "అమ్మా, అది పొగరు కాదు, జబ్బులో మొదటి లక్షణం." మేనియాలో మనిషి తనకు తాను కొండంత కనిపిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అది కళ్లు నెత్తికెక్కినట్టు కనిపిస్తుంది. తర్వాత కూలిపోయినప్పుడు "తగిన శాస్తి" అంటారు. క్రమం తిరగబడి లక్షణమే నేరమవుతుంది. మా ఓపీలో ఇది రోజూ చూసేదే.

కానీ ఈ కేసులో ఆ జవాబు అంత తేలిగ్గా నిలబడదు. కారణం ఇటుకలు. బబులోను శిథిలాలు ఇరాక్‌లో బాగ్దాదుకు దక్షిణంగా, హిల్లా పట్టణం పక్కన ఉన్నాయి. 1899 నుంచి 1917 దాకా రాబర్ట్ కోల్డెవే అనే జర్మన్ అక్కడ తవ్వించాడు. ఇటుక మీద ఇటుక మీద ఒకటే ముద్ర: "నెబుకద్నెజరు, బబులోను రాజు, ఎసగిల ఎజిద గుళ్ల పోషకుడు, బబులోను రాజు నబోపొలస్సరు పెద్దకొడుకు." ఇంకో రాతి శాసనం 19వ శతాబ్దం మొదట్లోనే ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి, లండన్‌లో వాళ్ల ఇండియా హౌస్‌కు చేరి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మన నెత్తిన కూర్చున్న కంపెనీయే. పది నిలువు వరుసల ఆ శాసనమంతా నేను ఈ గోడ కట్టించాను, నేను ఆ గుడి బంగారంతో తాపించాను అనే.

అంటే మేడ మీద ఆయన అన్న మాట ఆయన ప్రతి ఇటుకా అంటున్నదే. పైగా చాలావరకు నిజం కూడా. కట్టించింది ఆయనే. రాజు అన్నవాడు అలా మాట్లాడాలి, అది ఉద్యోగధర్మం. మన రాయలవారి బిరుదుల్లో "మూరురాయరగండ" (ముగ్గురు రాజులకు మగడు) చూసి మేనియా అని రాస్తామా? బేస్‌లైన్, అంటే మనిషి మామూలు తీరు, తెలియకుండా "గొప్పలు చెప్పుకుంటున్నాడు" అన్నది లక్షణంగా లెక్కకు రాదు. మా జూనియర్‌ను ఆగమన్నది అందుకే. ఆ రెండు, మూడు అధ్యాయాల్లోని కోపతాపాలూ అంతే. ఆ కాలపు రాజుల్లో ముక్కలు చేయిస్తాననని రాజును వెతకడం కష్టం.

కాబట్టి ఈ కాలమ్‌లో నేను "కారణం" అనీ రాయలేదు, "లక్షణం" అనీ రాయలేదు. ఖాళీగా వదిలేశాను.

బబులోను వైద్యులైతే వదిలేవాళ్లు కాదు. వాళ్లకు రోగలక్షణాల మీద నలభై పలకల పెద్ద గ్రంథం ఉంది. క్రీ.పూ. 11వ శతాబ్దంలో ఎసగిల్-కిన్-అప్లి అనే పండితుడు దాన్ని క్రమంలో పెట్టాడు. తల నుంచి పాదం దాకా ఒక్కో లక్షణం చెప్పి, చాలాచోట్ల చివర్లో డయాగ్నసిస్ "ఫలానా దేవుని చెయ్యి" అని ఉంటుంది. మనం "వైరల్" అని రాసినంత మామూలుగా రాసేవాళ్లు. దేవుడు కొట్టాడు అన్నది అక్కడ తిట్టు కాదు, కేస్ షీట్‌లో ఒక మాట. ఏ దేవుడో తెలిస్తే ఏ శాంతి చేయాలో తెలుస్తుంది. అక్కగారి మాటా ఆ వరసలోదే అనుకోవచ్చు, ఒక్క తేడాతో. ఆవిడ అన్నాక ఇక చేయవలసింది ఏమీ మిగల్లేదు.

డయాగ్నసిస్

ఈ రాజు జబ్బుకు పుస్తకాల్లో "బోయాంత్రొపీ" అని పేరు పెట్టారు, అంటే తాను ఎద్దుననే భ్రమ. మనిషి తోడేలో, కుక్కో అయిపోయాననుకునే లైకాంత్రొపీకి చెల్లెలు. ఇవి కట్టుకథలు కావు. అమెరికాలో ఒక మానసిక వైద్య కేంద్రం 1988లో తమ దగ్గర 1974 నుంచి చేరినవాళ్లలో ఇలాంటి పన్నెండు మందిని వివరించింది. ఒకరికి ఒక్క రోజుండి పోయింది, ఒకరికి పదమూడేళ్లు ఉంది. ఏ ఒక్క డయాగ్నసిస్‌కూ కట్టుబడలేదు. మేనియాలో వచ్చింది, డిప్రెషన్‌లో వచ్చింది, స్కిజోఫ్రీనియాలో వచ్చింది. 2014లో యాన్ డిర్క్ బ్లోమ్ అనే డచ్ సైకియాట్రిస్టు 1850 నుంచి ఉన్న వైద్య సాహిత్యమంతా వెతికితే, జంతువుగా మారానన్న కేసులు 56 దొరికాయి. అసలు తోడేలువి వాటిలో 13.

మన రాజుకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే కేసు వైద్యుడు రాసింది కాదు. ఆర్.కె. హారిసన్ అనే పాత నిబంధన పండితుడు 1946లో బ్రిటన్‌లో ఒక మానసిక ఆసుపత్రిలో ఇరవైల్లో ఉన్న కుర్రాణ్ని చూశాడు. అక్కడ చేరి అప్పటికే ఐదేళ్లు. రోజంతా ఆసుపత్రి పచ్చికలో తిరుగుతూ గడ్డి పీక్కుని తినేవాడు. కలుపు మొక్కలు పక్కకు తీసేసి గడ్డి మాత్రమే తినేవాడు. తాగేది నీళ్లే, అదీ శుభ్రమైన గిన్నెలో ఇచ్చేవాళ్లు. పైకి కనిపించిన తేడాలు రెండే: పెరిగిన జుట్టు, మొద్దుబారిన గోళ్లు.

ఇంత దగ్గర పోలిక ఉన్నా "బోయాంత్రొపీ" అన్న పదం ముందు నేను ప్రశ్నార్థకం పెట్టాను. తాను ఎద్దునని రాజు ఎక్కడా అనలేదు. ఎద్దులా తిన్నాడని చూసినవాళ్లు చెప్పారు. పశువు మనసు ఇవ్వబడుతుందని కలలో వినబడింది. రాజు మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. నాలుగు కాళ్ల మీద పాకాడని కూడా వచనంలో లేదు. అది 1795లో ఇంగ్లీషు చిత్రకారుడు విలియం బ్లేక్ వేసిన బొమ్మ మన కళ్లలో పెట్టిన సంగతి. మాట పలుకు లేకుండా, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటూ, ఎండలో వానలో పడి ఉండే మనిషికి భ్రమే ఉండాలని లేదు. తీవ్రమైన డిప్రెషన్‌లో, మనిషి మాటా కదలికా తప్పి బిగుసుకుపోయే కేటటోనియాలో ఇదంతా చూస్తాం.

సిఫిలిస్ మెదడుకెక్కిందని పాతకాలంలో కొందరన్నారు. అది మందు లేకుండా దానంతటది పోయి, మనిషి మళ్లీ రాజ్యం ఏలేలా వదలదు. చిత్తవైకల్యమూ (డిమెన్షియా) అంతే. పూర్తిగా వచ్చి పూర్తిగా పోయిన జబ్బు ఇది. మానసిక జబ్బులను వాటి నడకను బట్టి విడదీయాలని 1899లో జర్మన్ మానసిక వైద్యుడు క్రేపెలిన్ చెప్పిన పద్ధతిలో చూస్తే ఇది మూడ్ జబ్బుల వైపే మొగ్గుతుంది. 1938లో కరెంటు వైద్యం, 1950ల్లో మందులు వచ్చే ముందు, ఇలాంటి ఎపిసోడ్లు నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగి, ఒక రోజు మబ్బు విడినట్టు పోయేవని పాత ఆసుపత్రి రికార్డులు చెప్తాయి. నా పెన్సిల్ రాత: సైకోసిస్‌తో (వాస్తవంతో తెగిపోయిన మనసుతో) కూడిన తీవ్ర డిప్రెషన్, డిప్రెషనూ మేనియా మారిమారి వచ్చే బైపోలార్ కావచ్చు.

ఒకవేళ కేస్ షీట్ మారిపోయి ఉంటే?

ఇదంతా రాశాక చెప్పవలసిన ఇబ్బందికర విషయం ఒకటుంది. పేషెంటు ఈయనేనా?

మృత సముద్రం ఒడ్డున కుమ్రాను నాలుగో గుహలో దొరికిన పాత రాతప్రతుల ముక్కల్లో ఒకదాన్ని 1956లో మిలిక్ అనే పరిశోధకుడు ప్రచురించాడు. అందులో నబొనీదు అనే బబులోను రాజు మాట్లాడుతున్నాడు: తేమానులో ఏడేళ్లు చెడ్డ చర్మవ్యాధితో బాధపడ్డాను, వెండి బంగారు దేవుళ్లకు మొక్కాను, చివరికి ఒక యూదుడు నాకు దారి చెప్పాడు. ఏడేళ్లు, జబ్బు, జనానికి దూరం, యూదుడైన జ్ఞాని. మన కథ అస్థిపంజరమంతా ఉంది, పిచ్చి తప్ప. నబొనీదు నిజంగా ఉన్నవాడే, క్రీ.పూ. 556 నుంచి 539 దాకా ఏలిన ఆఖరి బబులోను రాజు. రాజ్యాన్ని కొడుకు బెల్షస్సరుకు అప్పగించి అరేబియా ఎడారిలో తైమా (తేమాను) ఒయాసిస్‌కు వెళ్లి పదేళ్లు ఉండిపోయాడు. ఆ సంగతి ఆయనే శాసనాల్లో చెప్పుకున్నాడు. అవి ఇప్పటి టర్కీలోని హారానులో బయటపడిందీ 1956లోనే. తర్వాత వచ్చిన పారసీకుల కాలంలో ఆయన మతి చలించినవాడన్నట్టు రాసిన పద్యం కూడా దొరికింది. బబులోను జనం చెప్పుకున్న ఈ వింత రాజు కథ, పోనుపోను పేరున్న రాజుకు అంటుకుందని చాలామంది పండితుల అభిప్రాయం. విశ్వాసులైన పండితులు రెండూ వేర్వేరు సంఘటనలంటారు.

వార్డులో షీట్లు మారిపోతే మాకు చెమటలు పడతాయి. ఇక్కడ నాకంత టెన్షన్ లేదు. పేరు మారినా కేసు మిగిలే ఉంది, ఎవరిదో.

వైద్యం

మందు లేదు, శాంతి చేసినట్టూ లేదు. అయినా ఈ అధ్యాయంలో వైద్యానికి పనికొచ్చేది ఏదైనా ఉందంటే ఆ మొద్దు, దాని చుట్టూ కట్టు. దానికి దానియేలు చెప్పిన అర్థం: నీ రాజ్యం నీకు మళ్లీ ఖాయం.

ఆలోచించండి. పశ్చిమాసియాలో అతి పెద్ద సింహాసనం, కూర్చోవలసినవాడు పచ్చికలో. ఆయన పోయాక కొడుకు ఆమెల్-మర్దూకు గద్దెనెక్కితే, రెండేళ్లకే బావ నెరిగ్లిస్సరు చంపేసి దాన్ని లాక్కున్నాడు. అలాంటి ఇంట్లో ఏడు కాలాలు ఆ కుర్చీ ఖాళీగా ఎలా ఉంది? గ్రంథం చెప్పదు. ముప్ఫై ఆరో వచనం మాత్రం, బుద్ధి వచ్చినప్పుడు మంత్రులూ అధిపతులూ తనను వెతుక్కుంటూ వచ్చారంటుంది. రాజు వాళ్లను బతిమాలుకోలేదు, వాళ్లే వచ్చారు.

నా పేషెంట్లలో మందులతో బాగైనవాళ్లు చాలామంది. బాగై వెళ్లాక ఏమైందని అడిగితే: షాపు తమ్ముడు చూసుకుంటున్నాడు, పొలం కౌలుకిచ్చేశారు, పెళ్లాం పుట్టింటికి వెళ్లి రాలేదు. మనిషి లేచి నిలబడేసరికి నిలబడే చోటు ఉండదు. రెండోసారి జబ్బు తిరగబెట్టడానికి మందు మానేయడం ఎంత కారణమో ఇదీ అంతే.

ఆ అక్కగారితో తర్వాత వారం మాట్లాడాను. దేవుడి సంగతి ఎత్తలేదు, నాకా అధికారమూ లేదు. తమ్ముడు పనిచేసే వెల్డింగ్ షెడ్డు ఓనరును ఒకసారి తీసుకురమ్మన్నాను. ఆయన రెండుసార్లు రానన్నాడు, మూడోసారి వచ్చాడు.

ఫాలో-అప్

ముప్ఫై ఏడో వచనంతో రికార్డు ఆగిపోతుంది. రాజు దేవుణ్ని స్తుతిస్తాడు, గర్వంగా నడిచేవాళ్లను ఆయన అణచగలడంటాడు. దాని ముందు వచనంలోనే నాకు మునుపటి కన్నా ఎక్కువ ఘనత దక్కిందని కూడా అంటాడు. బేస్‌లైన్‌కు వచ్చినట్టే. ఐదో అధ్యాయం తెరిస్తే బెల్షస్సరు విందులో ఉన్నాడు.

మంత్రులు వచ్చేలోపు ఎవరో ఆయన చేతులు వేడినీళ్లలో పెట్టి ఉంటారు. అదీ రాయలేదు.